ఇంటి పద్దు ఇంటిల్లిపాదీ వినాలి

సంపాదకులకు,

నమస్కారాలు. కుటుంబాల్లో తరం మారేకొద్దీ మారిపోతున్న అలవాట్లను గురించి మీ పత్రికలో కొన్ని వారాలుగా వస్తున్న పాఠకుల లేఖలను శ్రద్ధగా చదువుతున్నాను. భోజనం గురించి, పండుగల గురించి, పెద్దలను పిలిచే పిలుపుల గురించి చాలామంది రాశారు. మా ఇంట్లో మూడు తరాలు పాటించి, నాలుగో తరానికి ఆనవాలు కూడా మిగల్చకుండా మేమే వదిలేసిన ఒక అలవాటు గురించి ఎవరైనా రాస్తారేమోనని ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. అది రాత్రి భోజనాలు అయ్యాక ఇంటి జమాఖర్చులు రాయడం.

మా నాన్నగారు తెనాలిలో తాలూకా కచేరీ గుమాస్తా. భోజనం ముగించి, చేతులు తుడుచుకుని, వసారాలో పడక కుర్చీ పక్కన చాప వేసుకుని కూర్చునేవారు. ముందుగా జేబులోని చిల్లరంతా చాప మీద పోసేవారు. పుస్తకంలో ఎడమవైపు పుట జమకు, కుడివైపు పుట ఖర్చుకు. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న అమ్మను ఉద్దేశించి "ఇవాళ ఏమేం వచ్చాయి?" అని అడిగితే, అమ్మ అక్కడినుంచే ఒక్కొక్కటీ చెప్పేది. చింతపండు, కిరసనాయిలు, పాలు, పెద్దవాడికి పలక. కొట్టుకు వెళ్లి తెచ్చినవాళ్లం మేమే కనుక ధర మేము చెప్పాలి. చివర నిల్వ తేల్చేవారు. చాప మీది చిల్లర, పుస్తకంలోని నిల్వ ఒక్కటైతే అందరం పడుకోవచ్చు. అర్ధణా తేడా వచ్చినా మళ్లీ మొదటినుంచి చదివేవారు. ఆ చదవడం పైకి, అందరికీ వినబడేలా ఉండేది. నేను ఈ ఉత్తరంలో చెప్పదలుచుకున్నదంతా ఆ పైకి చదవడం గురించే.

ఆ పుస్తకాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. 1951 నుంచి 1989 దాకా, మధ్యలో రెండేళ్లు చెదలు తిన్నాయి, తక్కినవి భద్రంగా ఉన్నాయి. ప్రతి ఉగాదికీ కొత్త పుస్తకం తీసి, నాలుగు మూలలా పసుపు రాసి, పైన "శ్రీరామ" అని రాసి మొదలుపెట్టేవారు. ఆ పసుపు మరకలు ఇంకా పోలేదు. తొలి పుస్తకాల్లో లెక్కంతా అణాల్లో, పైసల్లో ఉంటుంది. కాణీ, అర్ధణా, బేడ, పావలా అన్న మాటలే ధరలు. బెల్లం వీశెల్లో, నూనె సోలల్లో, గిద్దెల్లో ఉంటుంది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయా పైసల లెక్క వచ్చినప్పటి పుటలు చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చట వేస్తుంది. పాత నాణేలు, కొత్త నాణేలు కలిసి చెల్లుతున్న రోజులవి. అణాకు ఆరేకాలు పైసలు రావాలి కాని కాలు పైసకు నాణెం లేదు కనుక ఆరు పైసలే ఇచ్చేవారు. పావలా మార్చుకుంటే ఇరవై అయిదు వచ్చేవి, అదే నాలుగు అణాలు విడివిడిగా మార్చుకుంటే ఇరవై నాలుగే చేతికందేవి. నాన్నగారు ఆ నెలంతా ఖర్చు పుటలో "మార్పు వలన తరుగు" అని ఒక పద్దు వేశారు. అయిదేళ్ల పిల్లవాడిగా నాకు కొత్త పైసల మెరుపు మాత్రమే జ్ఞాపకం. తరువాత నలభై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినప్పుడు, భిన్నాలు అర్థం కాని పిల్లలకు ఆ "తరుగు" పద్దునే ఉదాహరణగా చెప్పాను.

మా వియ్యంకులది కరీంనగర్ వైపు. వారి తాతగారి పద్దు పుస్తకం ఒకటి చూపించారు. నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయలు, బ్రిటిషు రూపాయలైన కల్దార్లు రెండూ విడివిడిగా రాసి ఉన్నాయి. ఊరు వేరు, సిక్కా వేరు, లిపిలో ఉర్దూ అంకెలు కూడా ఉన్నాయి, కాని చివర నిల్వ తేల్చే పద్ధతి మాత్రం మా ఇంటిదే.

పొదుపు కోసమే ఇదంతా చేసేవారని అనుకుంటే అది సగం మాత్రమే నిజం. మా ఇంట్లో పొదుపు చేయడానికి మిగిలింది ఎప్పుడూ తక్కువే. ఇల్లు నడవడానికి ఎంత అవుతుందో ఏడేళ్ల పిల్లవాడికి కూడా తెలిసి ఉండేది, అసలు ఫలితం అది. తిరునాళ్లలో బొమ్మ కావాలని మారాం చేసినప్పుడు మమ్మల్ని ఎవరూ కసరలేదు. నిల్వ ఎంతో నిన్న రాత్రే విన్నాం కనుక మాకే తెలుసు. ఇంకొక సంగతి ఏమిటంటే, ఏ డబ్బు ఎందుకు పోయిందో కూడా ఆ పుస్తకం చెబుతుంది. 1963లో ఒక పద్దు ఇలా ఉంది: "పాలుపోసే ఆమె కూతురి పెండ్లికి చేబదులు రూ. 20. తిరిగి అడగరాదు." ఆ చివరి రెండు మాటలు రాసి, మా అందరికీ వినబడేలా చదివారు. ఆమె తరువాత ఏళ్ల తరబడి మా ఇంటికి పాలు పోసింది. మాలో ఎవరమూ ఏనాడూ ఆ మాట ఎత్తలేదు.

ఈ అలవాటులో పెద్ద లోపం ఒకటి ఉంది. కలం ఎప్పుడూ నాన్నగారి చేతిలోనే ఉండేది. అమ్మ లెక్క చెప్పేది, ఆయన రాసేవారు. తాను పెట్టిన ప్రతి ఖర్చుకూ అమ్మ జవాబు చెప్పుకోవాలి. ఆయన కాఫీ హోటలు ఖర్చుకు ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు. అందుకే పోపుల డబ్బా అడుగున అమ్మకు వేరే నిల్వ ఒకటి ఉండేది. అది ఏ పుటలోనూ లేదు. 1994లో ఆమె పోయాక, చీరల పెట్టెలో గుడ్డ మూట ఒకటి దొరికింది. అందులో పదకొండు మనియార్డరు రసీదులు ఉన్నాయి. అయిదు రూపాయలవి, పది రూపాయలవి. అన్నీ మా అమ్మమ్మ పేరుకు పంపినవి. పక్కింటి అబ్బాయి చేత పోస్టాఫీసుకు పంపించి ఉంటుంది. ముప్ఫై ఏళ్లకు పైగా రోజూ పైకి చదివిన లెక్కల్లో, కన్నతల్లికి పంపిన పది రూపాయలు చెప్పుకోలేకపోయింది. ఆ రసీదులు చూసిన రోజున నాన్నగారి పుస్తకాల మీద నాకున్న గౌరవం తగ్గలేదు, కాని అవి పూర్తి లెక్కలు కావని అర్థమైంది.

అందువల్లనే, ఈ విషయంలో నాకు బాగా నచ్చిన మార్పు మా ఇళ్లలో కాక పొదుపు సంఘాల్లో వచ్చింది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తరువాత, రోజుకో రూపాయి చొప్పున ఆడవాళ్లు దాచుకోవడం మొదలుపెట్టినప్పుడు, ప్రతి సభ్యురాలి చేతికీ ఒక పాసుపుస్తకం వచ్చింది. సమావేశంలో అందరూ గుండ్రంగా కూర్చుని, ఎవరు ఎంత కట్టారో, ఎవరు ఎంత అప్పు తీసుకున్నారో, ఎందుకు తీసుకున్నారో పైకి చదువుతారు. నేను పనిచేసిన పల్లెలో సంతకం నేర్చుకోవడానికి సాయంత్రాలు బడికి వచ్చిన తల్లులను చూశాను. సొంత పేరు మీద పుస్తకం ఉన్నందుకు వాళ్ల ముఖాల్లో కనబడ్డ వెలుగును నేను మరచిపోలేను. నాన్నగారి చాప మీద జరిగిన పనే అక్కడా జరిగింది, కాని కలం అమ్మల చేతికి వచ్చింది.

ఇక నా తరం సంగతి. జీతం చేతికి ఇచ్చే రోజులు పోయి బ్యాంకులో పడడం మొదలయ్యాక నేను పద్దు రాయడం ముందు వారానికి ఒకసారికి, తరువాత నెలకు ఒకసారికి తగ్గింది. 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది, అదే ఏడాది నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. నా చివరి పద్దు 2017లో ఉంది. ఫోనులో చెల్లింపు వల్ల కలిగిన సౌకర్యాన్ని నేను తక్కువ చేయను. కూరల బండి దగ్గర చిల్లర కోసం వెతుక్కునే అవస్థ తప్పింది, పల్లెలో ఉన్న మా అక్కకు మందుల డబ్బు క్షణంలో పంపగలుగుతున్నాను. ఐతే చిల్లర ఎంత ఉందో చాప మీద పోసి చూసుకునే సందర్భమే లేకుండా పోయింది. మా ఇంట్లో సంపాదించేవారు ముగ్గురు, ఫోనులు నాలుగు. ఎవరి ఖర్చు వారి తెర మీదే ఉంటుంది. నెలకు ఇల్లు నడవడానికి ఎంత అవుతుందో మొన్నటిదాకా మా నలుగురిలో ఎవరికీ కచ్చితంగా తెలియదు.

ఈ మాట అంటే మా అబ్బాయి, "పైసాతో సహా ఫోనులో ఉంటుంది కదా నాన్నా, మళ్లీ రాయడం ఎందుకు?" అన్నాడు. వాడి మాటలో నిజం ఉంది. ఫోను మరచిపోదు, కూడికలో తప్పు చేయదు. అయితే డబ్బు ఎవరికి వెళ్లిందో అది చెబుతుంది కాని ఎందుకు వెళ్లిందో చెప్పదు. "తిరిగి అడగరాదు" అన్న మాట దానికి చేతకాదు. పైగా ఆ లెక్క తెరవాలంటే రహస్య సంఖ్య కావాలి, అది తెలిసినవారు ఒక్కరే ఉంటారు.

ఆ ఒక్కరూ లేకపోతే ఏమవుతుందో మా కుటుంబం చవిచూసింది. నాలుగేళ్ల క్రితం హైదరాబాదులో మా తమ్ముడు గుండెపోటుతో పోయాడు. వయసు అరవై ఒకటి. ఇంటివాళ్లను బాధపెట్టకూడదని డబ్బు వ్యవహారాలన్నీ తానొక్కడే చూసుకునేవాడు. కర్మకాండ ముగిసిన మరునాడు మా మరదలు నా ముందు కూర్చుని, "బావగారూ, ఆయనకు ఎన్ని బ్యాంకుల్లో ఖాతాలున్నాయో నాకు తెలియదు" అన్నది. ముప్ఫై రెండేళ్లు కాపురం చేసిన ఇల్లాలు ఆ మాట చెబుతూ, తానేదో తప్పు చేసినట్టు తల దించుకున్నది. ఫోను తాళం ఆమెకు తెలియదు. ఒక ఖాతాకు నామినీ పేరు లేదు. ఇంకొక దానికి పదేళ్ల క్రితమే పోయిన మా అమ్మానాన్నల తరం బంధువు పేరు ఉంది. ఒక బ్యాంకువారు వారసత్వ ధ్రువపత్రం తెమ్మన్నారు. బీమా పాలసీ ఉన్నదని, ప్రీమియం గడువు గుర్తుచేసే సందేశం వచ్చినప్పుడు కాని తెలియలేదు. పధ్నాలుగు నెలలు తిరిగాం. డబ్బు లేక కాదు, ఉన్న డబ్బు ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియక. ఆ పధ్నాలుగు నెలలూ ఆమె పెద్దకూతురి జీతంతో ఇల్లు నడిపింది.

ఇలా తెలియకుండా పడి ఉండే సొమ్ము దేశంలో ఎంత సాధారణమో చెప్పడానికి రిజర్వు బ్యాంకు ఏర్పాట్లే సాక్ష్యం. పదేళ్లకు పైగా లావాదేవీలు లేని ఖాతాల సొమ్మును డిపాజిటర్ల విద్య, అవగాహన నిధికి మార్చే పథకం 2014లో వచ్చింది. అలా మారిన సొమ్మును వారసులు ఆ తరువాత కూడా బ్యాంకు ద్వారా అడిగి తీసుకోవచ్చు. పలు బ్యాంకుల్లోని అటువంటి ఖాతాలను ఒకేచోట వెతుక్కోవడానికి 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే వెబ్‌సైటును ప్రారంభించారు. 2025 నవంబరు 1 నుంచి ఒక్కో ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఇవి మంచి పనులే. దయచేసి మీ పత్రిక ఈ వివరాలను పూర్తిగా, పల్లెలవారికి కూడా అర్థమయ్యే తెలుగులో, ఒక పుటగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఏటా మీరు ఇచ్చే క్యాలెండరుతో పాటు నెలకొక జమాఖర్చు పుట, ఖాతాలూ బీమాలూ నామినీల పేర్లూ రాసుకునే పుట ఒకటి ఇస్తే, అవి ఎన్నో ఇళ్లలో గోడకు వేలాడతాయి.

మా ఇంట్లో మాత్రం ఆరు నెలలుగా ప్రతి ఆదివారం రాత్రి భోజనాల తరువాత ఇరవై నిమిషాలు అందరం ఒకచోట కూర్చుంటున్నాం. రోజూ రాయడం ఇప్పటి ఉద్యోగాలతో కుదరదని నేనే ఒప్పుకున్నాను. రెండు వందల పేజీల గీతల పుస్తకం కొన్నాం. కలం పదకొండేళ్ల మనవరాలి చేతిలో ఉంటుంది. ఎవరి ఫోను వారు తెరిచి చదువుతారు, ఆమె రాస్తుంది, చివర పైకి చదువుతుంది. ఎవరినీ "ఎందుకు?" అని నిలదీయకూడదని మొదటి రోజే ఒక నియమం పెట్టుకున్నాం. చెప్పేవారు చెప్పినంత రాసుకోవడమే. మొదటి నెలలోనే, ఒకే సినిమాల యాప్‌కు మా అబ్బాయి ఒక చందా, కోడలు ఒక చందా విడివిడిగా కడుతున్నారని తేలింది. వంట గ్యాసు సిలిండరు ధర ఎంతో మనవరాలికి అప్పుడే తెలిసింది.

మూడో ఆదివారం కోడలు తన ఫోను చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది. కాసేపటికి, ప్రతి నెలా మొదటి తేదీన వాళ్ల అమ్మగారికి మూడు వేలు పంపుతున్నానని, రెండేళ్లుగా పంపుతున్నా ఇంట్లో చెప్పలేదని అన్నది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. నాకు చీరల పెట్టెలోని గుడ్డ మూట కళ్లముందు కదిలింది. మా అబ్బాయి మనవరాలి వైపు తిరిగి, "ఆ పద్దు చివర కాదమ్మా, వచ్చే నెలనుంచి పుటకు మొట్టమొదట వెయ్యి" అన్నాడు. ఈ నెల పుట ఇప్పుడు నా ముందే ఉంది. ఖర్చు వైపు మొదటి వరుసలో, కాస్త వంకర చేతిరాతతో, "అమ్మమ్మకు రూ. 3,000" అని ఉంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
విజయవాడ