శాంతిస్వరూప్ గారి పాత బులెటిన్లు జనానికి చూపించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈమధ్య టీవీ యాంకర్ల మీద చర్చ ఎక్కడ వచ్చినా నాకు శాంతిస్వరూప్ గారే గుర్తొస్తారు. 1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో మొదటి తెలుగు వార్తలు చదివింది ఆయనే, అప్పటికి చదవాల్సింది కెమెరా దగ్గర తెర మీద చూపించే టెలిప్రాంప్టర్ కూడా లేదు, స్క్రిప్ట్ మొత్తం బట్టీ పట్టి కెమెరా వైపు చూస్తూ చెప్పేవారు, అదీ తడబడకుండా. ఇప్పటి కుర్రాళ్లకి ఇది చెప్తే నమ్మరండీ! పైగా గొంతు పెంచేవారు కాదు, ఎంత పెద్ద వార్తయినా ఒకే స్థిమితం, చదివేది వార్త, తన అభిప్రాయం కాదు అన్న తేడా ఆయనకి బాగా తెలుసు. మా ఇంట్లో పెద్దవాళ్లు ఏడింటికల్లా టీవీ ముందు కూర్చునేది అందుకే.

2011లో రిటైరయ్యారు, 2024 ఏప్రిల్ 5న పోయారు. ఆరోజు అందరూ నివాళులు చెప్పారు, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు, అదే నా బాధ. దూరదర్శన్ వాళ్ల దగ్గర ఆయన బులెటిన్లు ఎన్ని మిగిలి ఉంటే అన్నీ యూట్యూబ్‌లో పెట్టాలి, జర్నలిజం కాలేజీల్లో పిల్లలకి వాటిని చూపించి ఉచ్చారణ నేర్పించాలి. మీ పేపర్ కూడా ఈ విషయం గట్టిగా రాయాలని కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, ఖమ్మం