సెల్లార్ల ప్యానల్ బోర్డు పెట్టినోళ్లు జవాబు చెప్పాలె

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్ల సెల్లార్ల నుంచి నీళ్లు తోడుతున్న ఫొటో వేసి, భారీ వర్షమే కారణమని రాసి వదిలేసిండ్రు. వానను అంటే ఏమొస్తది సార్, ఆ బిల్డింగ్‌కి కరెంట్, లిఫ్టు, సంపు డ్రాయింగులు గీసిన ఇంజినీర్ గురించి ఒక్క ముక్క లేదు.

మాది హన్మకొండల నాలా పక్కన అపార్ట్‌మెంట్. బిల్డింగ్ మొత్తానికి కరెంట్ పంచే మెయిన్ ప్యానల్, జనరేటర్, బోరు స్టార్టర్, తాగేనీళ్ల సంపు అన్నీ సెల్లార్లనే పెట్టిండ్రు. నీళ్లు తోడే మోటార్ కూడా ఉండె, కానీ దానికి కరెంట్ వచ్చేది మునిగిపోయిన ఆ ప్యానల్ నుంచే! 2023 జులైల వరదకు లిఫ్టు బంద్ అయ్యి, మోకాళ్ల నొప్పుల మా అత్తమ్మ నాలుగో అంతస్తు నుంచి మూడు రోజులు కిందికి దిగలే, సంపుల మురికినీళ్లు కలిసినయ్. బిల్డర్‌ని అడిగితే ఇంజినీర్‌ని అడగమన్నడు, ఇంజినీర్‌ని అడిగితే రూల్ ప్రకారమే చేసినం, గంత వాన పడతదని ఎవలకు తెల్సు అన్నడు.

తెల్వకపోవుడేంది? 2013లనే ఇప్పటి ములుగు జిల్లా వాజేడుల ఒక్కరోజు 517.5 మిల్లీమీటర్లు పడ్డది. 2023ల అదే జిల్లా లక్ష్మీదేవిపేటల 649.8 పడ్డది, భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి ఊరు మునిగింది, వరంగల్ భద్రకాళి చెరువు కట్టకు గండి పడ్డది. మళ్ల 2025 అక్టోబర్ల మోంథా తుఫానుకు హన్మకొండ, వరంగల్ కాలనీలు మునిగినయ్. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే 7 శాతం దాకా ఎక్కువ తేమ పట్టుకుంటదని, వాన గట్టిగ కొడతదని ఇంజినీరింగ్ చదివినోళ్లకు మేం చెప్పాల్నా? అయినా కొత్త బిల్డింగులల్ల ప్యానల్ బోర్డులు ఇంకా సెల్లార్లకే పోతున్నయ్, పర్మిషన్ ఇచ్చే ఆఫీసర్లు పార్కింగ్ కొలతలు చూస్తరు గానీ ఇది చూడరు, మునిగినంక మాత్రం బోట్లేసుకొని పరామర్శకు వస్తరు.

డాక్టర్ తప్పు చేస్తే మెడికల్ కౌన్సిల్ ఉంది, ఆర్కిటెక్టులకు 1972 నుంచి చట్టం ఉంది. ఇంజినీర్లకు దేశం మొత్తం మీద అసొంటి చట్టమే లేదు. రెరా అనే రియల్ ఎస్టేట్ చట్టం కింద ఐదేండ్ల దాకా కట్టడం లోపాలకు బిల్డర్‌ని పట్టుకోవచ్చు, మరి డ్రాయింగ్ గీసినాయన? సంతకం పెట్టినోళ్లు బాధ్యత తీసుకోవాలె, నష్టానికి ఇన్సూరెన్స్ కూడా వాళ్లే చేయించుకోవాలె, వరద మట్టం మీదికి ప్యానల్ లేకుంటే కరెంట్ కనెక్షనే ఇయ్యొద్దు.

మేం చందాలేసుకొని మా ప్యానల్ మీదికి ఎక్కించుకున్నం. ఈసారి గసొంటి ఫొటో వేసినప్పుడు ఆ డ్రాయింగుల మీద సంతకం ఎవలదో కనుక్కొని అది కూడా రాయండ్రి.

- ఒక అపార్ట్‌మెంట్ వాసి, హన్మకొండ