పాత్రకి పేరుందా?

తెనాలి

చిరంజీవి హారికకు నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. వాట్సాప్‌లో ఇంత సంగతి టైపు చేసే ఓపిక నాకు లేదు. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపమని పక్కింటి కుర్రాడికి ఇస్తున్నాను.

మొన్న నువ్వు ఫోన్లో అంత కోపంగా ఉన్నప్పుడు నేనేం మాట్లాడలేదు. మీ అమ్మ మాత్రం "వద్దని మొహం మీద చెప్పెయ్యవే" అని అప్పటికప్పుడే తీర్పిచ్చేసింది. నాకంత తొందరగా తేలలేదు. నీకిస్తామన్నది అక్కడి అమెరికా సీరియల్లో షాపు కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయి వేషం, రెండు పేజీల డైలాగులు, పైగా నీ ఇంగ్లిషు విని "ఇంకొంచెం ఇండియన్‌గా మాట్లాడు" అన్నారు. తెనాలిలో పుట్టి ఇంటర్ దాకా ఇక్కడే చదివిన పిల్ల యాసలో ఇండియా చాల్లేదట! నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

ఆ రాత్రి నిద్ర పట్టక పడుకుంటే గుర్తొచ్చిన మనిషి అన్నా మే వాంగ్, చైనా మూలాలున్న పాతకాలపు హాలీవుడ్ నటి. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు టేబుల్ సొరుగులో చిల్లర పడేసి వెళ్ళావు. అందులో పాతిక సెంట్ల బిళ్ళ మీద చేతికి తల ఆన్చుకున్న ఒకామె బొమ్మ, చుట్టూ సినిమా హాలు ముందు వెలిగే బల్బులు కనిపించాయి. ఎవరీవిడ అని వెతికితే 2022లో అమెరికా ప్రభుత్వం వేసిన బిళ్ళ అని తెలిసింది. రిటైరైనవాడికి పనేముంది, అక్కడినుంచి ఆవిడ గురించి దొరికిందల్లా చదివాను. ఆవిడ నువ్విప్పుడుండే ఊరి మనిషే. 1905లో లాస్ ఏంజెలెస్‌లోనే పుట్టింది.

నాన్న లాండ్రీ నడిపేవాడు. ఆయన పుట్టింది కూడా కాలిఫోర్నియాలోనే, గుర్తుపెట్టుకో. ఈమె అసలు పేరు వాంగ్ లియు త్సాంగ్. బడిలో వెనక బెంచీ కుర్రాడు చైనా పిల్లకి నొప్పి తెలుస్తుందో లేదో చూద్దామని గుండుసూదులతో పొడిచేవాడట. మర్నాడు ఈ పిల్ల కోటు మీద ఇంకో కోటు వేసుకుని వెళ్ళేదట. ఉతికిన బట్టలు ఇళ్ళకి ఇచ్చి వచ్చినప్పుడు వాళ్ళిచ్చే చిల్లరతో, బడి ఎగ్గొట్టి సినిమాలు చూసేది. పద్నాలుగేళ్ళకి, 1919లో, లాంతరు పట్టుకునే గుంపులో ఒకత్తెగా తెర మీదికొచ్చింది. తండ్రికి ఇది బొత్తిగా నచ్చలేదు. షూటింగ్‌కి పెద్దవాళ్ళెవరైనా తోడు ఉండాల్సిందేనని పట్టుబట్టేవాడు. తన సీను లేనప్పుడు మేకప్ గదికి బయటినుంచి తాళం వేయించేవాడని కూడా రాశారు. నువ్వు మొదటిసారి స్టేజీ ఎక్కుతానన్నప్పుడు నేను నయమనిపించుకున్నానా లేదా?

పదిహేడేళ్ళకి హీరోయిన్ అయింది. 1922లో వచ్చిన 'ద టోల్ ఆఫ్ ద సీ' అనే రంగుల మూకీ అది. తెల్లవాణ్ణి ప్రేమించి, వాడు వదిలేసి వెళ్తే బిడ్డని వాడికే అప్పగించి సముద్రంలో కలిసిపోయే వేషం. 1924లో అప్పటి పెద్ద హీరో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్'లో కుట్రలు చేసే బానిస. ఆ తర్వాత వచ్చినవి చాలావరకు ఇవే రెండు రకాలు. ప్రేమించి చచ్చిపోవాలి, లేదా కుట్ర చేసి చచ్చిపోవాలి. కాలిఫోర్నియాలో తెల్లవాళ్ళూ చైనావాళ్ళూ పెళ్ళి చేసుకోకూడదన్న చట్టం 1948 దాకా ఉంది. తెర మీద కూడా ముద్దు కుదరదు. ముద్దు లేకపోతే పెద్ద హీరో పక్కన వేషం లేదు. ఆవిడ ప్రతిభ చూసి కాదు, లెక్క చూసి పక్కన పెట్టేసేవాళ్ళు.

విసిగిపోయి 1928లో యూరప్ వెళ్ళిపోయింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ భాగం. జర్మనీలో సినిమాలు చేస్తూ జర్మన్ నేర్చుకుంది, ఫ్రెంచి నేర్చుకుంది. లండన్‌లో 'పికడిలీ' అనే మూకీ చేసింది. యూట్యూబ్‌లో దొరికితే చూడు. నైట్ క్లబ్బు వెనక అంట్లు తోమే గదిలో బల్ల ఎక్కి, తోటి పనివాళ్ళ కోసం నెమ్మదిగా నాట్యం చేస్తుంది. చిరిగిన మేజోళ్ళు, చుట్టూ ఆవిరి, గిన్నెలు. పెద్దగా కదలదు, నడుమూ చేతులూ మాత్రమే. అక్కడ నిలబడ్డవాళ్ళందరూ పని మర్చిపోతారు. స్టేజీ మీద తక్కువ కదలడం ఎంత కష్టమో నీకు నేను చెప్పక్కర్లేదు. మా పరిషత్తు నాటకాల్లో సగంమంది చేతులు ఊపి ఊపే బహుమతులు పోగొట్టుకున్నారు.

ఆ మరుసటి ఏడే లండన్ స్టేజీ మీద నాటకం వేసింది, పక్కన తర్వాత గొప్ప నటుడని పేరు తెచ్చుకున్న కుర్ర లారెన్స్ ఒలీవియే. విమర్శకులు ఆమె గొంతు మీద పడ్డారు. మొహం చూస్తే చైనా, నోరు తెరిస్తే కాలిఫోర్నియా అని వాళ్ళ బాధ. పుట్టిన ఊరి భాష మాట్లాడినందుకు తిట్లు! ఏం చేసింది? డబ్బు పోసి ట్యూటర్ని పెట్టుకుని ఇంగ్లండు ఉచ్చారణ నేర్చుకుంది. లొంగిపోవడమే కదా అని నువ్వనొచ్చు. నాకలా అనిపించలేదు. పాత యాస పోలేదు, కొత్తది చేరింది. ఎక్కడ ఏది వాడాలో తనే తేల్చుకుంది.

తిరిగొచ్చాక 1931లో 'డాటర్ ఆఫ్ ద డ్రాగన్' అనే సినిమా ఒప్పుకుంది. మళ్ళీ అదే విషకన్య వేషం. హీరోయిన్‌గా ఈమెకి ఆరువేల డాలర్లిచ్చి, చైనావాడిగా కాసేపు కనిపించిన వార్నర్ ఓలండ్ అనే తెల్ల నటుడికి పన్నెండువేలు ఇచ్చారు. తెలిసే చేసింది. 1932లో మార్లీన్ డీట్రిష్ అనే పెద్ద స్టార్‌తో చేసిన 'షాంఘై ఎక్స్‌ప్రెస్'లో మాత్రం వేషం చిన్నదైనా ఆవిడ కూర్చునే తీరులోనే ఒక బరువుంది. ఆ మధ్యలోనే ఒక ఇంటర్వ్యూలో తెర మీద చైనావాడు ఎప్పుడూ దుర్మార్గుడే ఎందుకవ్వాలి, మా నాగరికత పడమటి దేశాల కన్నా ఎంత పాతదో తెలుసా అని నిలదీసింది. వేషం వేస్తూనే ఆ వేషాన్ని తిట్టింది. రెండూ చేయవచ్చన్నమాట.

ఇక అసలు సంగతి. పెర్ల్ బక్ నవల 'ద గుడ్ ఎర్త్'ని ఎమ్‌జీఎమ్ స్టూడియో వాళ్ళు పెద్ద ఎత్తున తీయడం మొదలుపెట్టారు. చైనా రైతు దంపతుల కథ. ఓలాన్ అనే ఆ భార్య పాత్ర ఈమెకి రావాలని పత్రికలు కూడా రాశాయి. కానీ రైతుగా పాల్ మునిని తీసుకున్నారు. భర్త వేషం తెల్లవాడిదయ్యాక భార్య కూడా తెల్లదే కావాలి. లూయిస్ రైనర్‌కిచ్చారు. ఈమెని మాత్రం లోటస్ వేషానికి అడిగారు, అంటే ఆ కాపురం కూల్చే నాట్యగత్తె. మొత్తం సినిమాలో చైనా రక్తమున్న ముఖ్యనటిని నేనొక్కదాన్ని, నన్నే అందరికన్నా చెడ్డ వేషం వేయమంటారా అని కాదనేసింది. ఆ ఓలాన్ వేషానికే రైనర్‌కి ఆస్కార్ వచ్చింది. ఈమె చెల్లెలు మేరీ అదే సినిమాలో చిన్న వేషం వేసింది. ఇద్దరూ ఆ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో! అక్క కాదందని చెల్లెలు మానుకోలేదు, చెల్లెలు వేసిందని అక్క అలిగిందనీ ఎక్కడా చదవలేదు.

ఇక్కడ నాకో మాట ఉంది. అందరూ ఆ కాదనడాన్నే పొగుడుతారు. కాదనగలిగే స్థితికి ఎలా వచ్చిందో ఎవరూ చెప్పరు. అప్పటికి ఆమెకి యూరప్‌లో ఊరూరా తిరిగి ఇచ్చిన స్టేజీ షో ఉంది, మూడు నాలుగు భాషల్లో పాడేది. పేరుంది, బట్టల విషయంలో ప్రపంచమంతా మెచ్చుకున్న దర్జా ఉంది. హాలీవుడ్ పిలవకపోతే పస్తుండే పరిస్థితి లేదు. తర్వాత కూడా శాంటా మోనికాలో తన ఇంటిని నాలుగు వాటాలు చేసి అద్దెలకిచ్చింది, మూన్‌గేట్ అపార్ట్‌మెంట్స్ అని పేరు పెట్టి. సినిమాలు తగ్గిన రోజుల్లో ఆ అద్దెలు కూడా తోడయ్యాయి. నీ ఉద్యోగం నీకు బోర్ కొడుతోందన్నావు చూడు, అందుకే చెబుతున్నా. ఆ జీతం ఉన్నంతకాలం నచ్చని వేషానికి కాదనే హక్కు నీ చేతిలో ఉంటుంది. అది మాత్రం తొందరపడి వదులుకోకు.

కాదన్న వెంటనే 1936లో చైనా వెళ్ళింది. తండ్రి అప్పటికే పిల్లల్ని తీసుకుని తైషాన్ దగ్గరి సొంత ఊరికి వెళ్ళిపోయాడు. అక్కడైనా గౌరవం దొరికిందా అంటే, చైనాని తలదించుకునేలా చేసిన వేషాలు వేసిందని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. పైగా ఆమెకి వచ్చింది తైషాన్ మాండలికం. షాంఘైలో మాట్లాడాలంటే దుబాసీ కావాల్సొచ్చింది. అమెరికాలో చైనాది, చైనాలో అమెరికాది. పెద్దనాన్నగారింటి పెళ్ళిలో నీ తెలుగు విని ఆ పిల్లలు కిసుక్కున నవ్వితే నీ మొహం ఎలా మాడిందో నాకు తెలుసు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. చైనావాళ్ళని రానివ్వకూడదని 1882లో చేసిన చట్టం 1943 దాకా నడిచింది. ఈమె అక్కడ పుట్టిన పౌరురాలైనా దేశం దాటిన ప్రతిసారీ ముందుగా ఫారం 430 నింపాలి. దాని పేరులోనే 'అమెరికన్ పౌరురాలినని చెప్పుకుంటున్న చైనా జాతి వ్యక్తి' అని ఉంటుంది. పోస్టర్ మీద పెద్దక్షరాలతో పేరు వేసే స్టార్ కూడా ఆఫీసరు ముందు నిలబడి నేనే నేనని రుజువు చూపించుకోవాలి. నీకు ఈఏడీ, అంటే అక్కడ పని చేసుకోవడానికిచ్చే అనుమతి కార్డు, వచ్చింది కాబట్టి డబ్బు తీసుకుని నటించినా ఇబ్బంది లేదన్నావు. సరే. అయినా సంతకం పెట్టే ముందు మీ లాయర్ని అడిగి, ఆయన చెప్పింది మెయిల్‌లో రాయించుకో. నోటిమాట వద్దు.

1937లో 'డాటర్ ఆఫ్ షాంఘై' అనే సినిమాలో మాత్రం ఆమెకి న్యాయం జరిగింది. హీరో ఫిలిప్ ఆన్, కొరియా మూలాలవాడు. దొంగల్ని పట్టేది వీళ్ళే, చివరికి పెళ్ళి మాట అనుకునేదీ వీళ్ళే. ఆమె చావలేదు! చిన్న బడ్జెట్ సినిమా, గంటలో అయిపోతుంది. యుద్ధం వచ్చాక తీసిన రెండు సినిమాల పారితోషికం చైనా సహాయనిధికి ఇచ్చేసింది.

1951లో టీవీకి వచ్చింది. డూమాంట్ అనే నెట్‌వర్క్‌లో ఒక సీరియల్, అందులో ఆమెది కళావస్తువుల గ్యాలరీ నడుపుతూ నేరాలు ఛేదించే మేడమ్ లియు త్సాంగ్ పాత్ర. తన అసలు పేరే పాత్రకి పెట్టారు. ఆసియా మూలాలున్న నటి ముఖ్యపాత్రగా అమెరికా టీవీలో వచ్చిన మొదటి సీరియల్ అదే. ఆగస్టులో మొదలై నవంబరుకల్లా ఆగిపోయింది. ఈరోజు చూద్దామంటే ఒక్క ఎపిసోడ్ కూడా మిగల్లేదు. డూమాంట్ రీళ్ళని లారీలకెత్తి న్యూయార్క్ సముద్రంలో కలిపేశారని నటి ఈడీ ఆడమ్స్ తర్వాత ఒక విచారణలో చెప్పింది. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మా పాత నాటకాలకి రికార్డులు లేవని బాధపడేవాణ్ణి, రికార్డు చేసి మరీ పారేసేవాళ్ళుంటారని తెలియదు.

ఆ తర్వాత అక్కడక్కడా టీవీలో కనిపించింది. 1960లో హాలీవుడ్ కాలిబాట మీద నక్షత్రం వేశారు. 1961 ఫిబ్రవరి 3న గుండెపోటుతో పోయింది, యాభై ఆరేళ్ళకే. పెళ్ళి చేసుకోలేదు. (ఈ వాక్యం మీ అమ్మకి చదివి వినిపించను.)

నీ వేషం సంగతికొస్తాను. ముప్పై ఏళ్ళుగా పరిషత్తులకి తిరుగుతున్నవాడిగా నేనడిగేవి మూడే. ఆ కౌంటర్ అమ్మాయికి స్క్రిప్టులో పేరుందా, లేక 'క్యాషియర్' అని మాత్రమే రాశారా? ఆమె వల్ల కథలో ఏదైనా మారుతుందా? నవ్వు పుట్టేది ఆమె చెప్పే మాటకా, ఆమె మాట్లాడే తీరుకా? మాటకైతే ఎంత యాసతోనైనా చెయ్యి, నాకు చిన్నతనం లేదు. మన తాతమ్మ మాట్లాడే తెలుగు కూడా యాసే కదా. తీరుకే నవ్వాలంటే మీ అమ్మ తీర్పు నా తీర్పు కూడా అనుకో. కాదంటే మళ్ళీ పిలవరేమోనని టెన్షన్ పడకు, పిలవకపోవచ్చు కూడా. అందుకే ఉద్యోగం సంగతి ముందు రాశాను.

ఆ రెండు పేజీలూ నాకు పంపు. ఆదివారం మీకు పొద్దున్న, మాకు రాత్రి భోజనాలయ్యాక, వీడియో కాల్‌లో చదువుదాం. కస్టమర్ డైలాగులు నేను చెబుతాను, నా ఇంగ్లిషుకి నవ్వకూడదు. ఒకసారి నీ మామూలు గొంతుతో చెప్పు, ఒకసారి వాళ్ళడిగినట్టు చెప్పు. గోంగూర పచ్చడి, కందిపొడి వచ్చే నెల వస్తున్న మీ ఫ్రెండ్ చేతికిస్తాం, ఎయిర్‌పోర్టుకి ఎప్పుడు వెళ్తుందో కనుక్కుని చెప్పు.

ఆశీస్సులతో
నాన్న