కూరలో అన్నం కలుపుకో బావా

రాజమండ్రి,
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ బావా,

నిన్న రాత్రి ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదురా. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 7.9 వచ్చిందని చెప్పి, "ఇక బతుకంతా పుల్కాలూ కీరదోస ముక్కలేనా" అన్నావే, ఆ మాటే చెవిలో తిరుగుతోంది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నా. చెల్లెమ్మకి ఇచ్చేసి ఊరుకోకు, వంటింట్లోకి నువ్వే వెళ్ళు. మా ఇంట్లో ఏడాదిన్నరగా రాత్రి వంట నాదే.

అన్నిటికంటే ముందు ఒక సంగతి. నాకు 8.4 వచ్చినప్పుడు భయంతో మర్నాడే అన్నం పూర్తిగా మానేశా. మాత్రలు మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నా. మూడో రోజు కోటగుమ్మం దగ్గర నడుస్తుంటే చేతులు వణికాయి, చొక్కా తడిసిపోయింది, కళ్ళు తిరిగాయి. పక్క కొట్టాయన పంచదార నీళ్ళు కలిపిచ్చి కూర్చోబెట్టాడు. కొన్ని మాత్రలు, ఇన్సులిన్ మనం తిన్నా తినకపోయినా షుగర్‌ని దించేస్తాయట. తిండి తగ్గిస్తే వాటి మోతాదూ మార్చాలని తర్వాత డాక్టరు గారు చెప్పారు. అందుకని ఈ వారమే వెళ్ళి, "అన్నం తగ్గిస్తున్నానండీ" అని చెప్పి, ఆయన ఏమంటే అది చేసి, ఆ తర్వాతే మొదలుపెట్టు. ఒట్టు వెయ్యరా నా మీద.

ఇక తిండి. మనకి కొత్త వంటలు అక్కర్లేదు బావా. మన కూరలే చాలు, కంచంలో లెక్క తిరగేస్తే సరిపోతుంది. వండిన అన్నం 100 గ్రాముల్లో దాదాపు 28 గ్రాములు పిండిపదార్థమే. మనం మధ్యాహ్నం సులువుగా 300 గ్రాములు తినేవాళ్ళం, అంటే 80 గ్రాములు దాటిపోయేది. అన్నం కొండంత, కూర నంజుకోవడానికి. ఇప్పుడు నేను కంచం నిండా బెండకాయ వేపుడో, ఆనపకాయ కూరో, గోంగూర రొయ్యలో పెట్టుకుని, చిన్న గిన్నెడు అన్నం అందులో కలుపుకుంటున్నా. అన్నంలో కూర కాదు, కూరలో అన్నం. మొదటి వారం కష్టంగా ఉంటుంది. రెండో వారానికి తోటకూర రుచి ఇంత బాగుంటుందా అనిపించింది నాకు. ఉప్పూ కారం మాత్రం కొంచెం తగ్గించి వండు, ఎందుకంటే కూర ఎక్కువ తింటాం కదా.

దుంపలతో జాగ్రత్త. బంగాళాదుంప, చామదుంప, కంద కూరలే అయినా వాటిలో ఉన్నది పిండే. కందబచ్చలి అంటే నాకెంత ప్రాణమో నీకు తెలుసు, అది నెలకోసారికి పెట్టుకున్నా. రాగులు, కొర్రలు ఎంతైనా తినొచ్చని ఎవరో ఒకరు నీకు చెబుతారు. నమ్మకు. పీచు ఎక్కువ కాబట్టి తెల్లన్నం కంటే నయమే, కానీ వండని రాగుల్లో కూడా 100 గ్రాములకి 65 గ్రాములకు పైనే కార్బ్స్, అంటే పిండిపదార్థాలు, ఉంటాయి. రాగి సంకటి ముద్ద పెద్దదైతే ఇంట్లో షుగర్ చూసుకునే మీటర్ చెప్పేస్తుంది.

పొద్దున్న ఇడ్లీ బదులు పెసరట్టు పోసుకో. పిండిలో మనవాళ్ళు వేసే గుప్పెడు బియ్యం వెయ్యకు. పొట్టు పెసలే రాత్రి నానబోసి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బు. అట్టు మీద ఒక గుడ్డు కొట్టి పరిస్తే మధ్యాహ్నం దాకా ఆకలి వెయ్యదు. పెసల్లోనూ కార్బ్స్ ఉన్నాయి కాబట్టి రెండట్లతో ఆపాలి. లోపల ఉప్మా మాత్రం వద్దురా.

పులిహోర మీద మనసు పోయినప్పుడు కాలీఫ్లవర్‌తో చేస్తున్నా. మొదటిసారి ముద్దయిపోయింది. తర్వాత తెలిసింది, తురుము కడగకూడదు, పువ్వునే ముందు కడిగి బాగా ఆరబెట్టాలి. వెడల్పు మూకుట్లో మూత పెట్టకుండా పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాలు వేయించాలి. ఉప్పు ముందే వేస్తే నీళ్ళు ఊరుతాయి, చివర్లో వెయ్యి. ఆవాలు, వేరుశనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ పోపు దట్టంగా పెట్టి, దించాక నిమ్మకాయ పిండు. బియ్యపు పులిహోర కాదు, కానీ పోపు వాసనకి ప్రాణం లేచొస్తుంది.

సాయంత్రం ఆకలికి గుప్పెడు ఉడికించిన వేరుశనక్కాయలో, ఉప్పేసిన పల్చని మజ్జిగో తీసుకుంటా. అంతే.

తీపి సంగతి కొంచెం వివరంగా రాస్తా, నీకు అక్కడే బెంగ. బెల్లం మంచిదనుకోకు. చెరుకు రసం కాచిందే కదా, షుగర్ విషయంలో పంచదారకీ దానికీ పెద్ద తేడా లేదు. బజారులో షుగర్ ఫ్రీ అని రాసిన బిస్కెట్లు తెచ్చి, నిశ్చింతగా నాలుగు తిన్నా ఒకసారి. గంటన్నర తర్వాత మీటర్లో 210. పంచదార లేకపోతేనేం, మైదా ఉంది కదా. అప్పట్నించీ ఇంట్లోనే చేస్తున్నా.

పాకం పట్టే మిఠాయిల జోలికి పోకు. పంచదార బదులు వాడే తీపిపొడుల్లో స్టీవియాతో పాకం రాదు, ఎరిథ్రిటాల్ చల్లారాక పంటికింద రవ్వలా తగులుతుంది. పాకం అక్కర్లేనివే మనకి. నువ్వులు దోరగా వేయించి, కొంచెం ఎండుకొబ్బరి, యాలకులు, చిటికెడు ఉప్పు, కాస్త స్టీవియా వేసి రోట్లో దంచు. నువ్వుల్లోని నూనే ముద్ద కట్టేస్తుంది, అచ్చం చిన్నప్పటి చిమ్మిలి లాగే. మీగడ పెరుగు గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీస్తే నీళ్ళతోపాటు పాలలోని చక్కెర కొంత పోతుంది. అందులో పొడిచేసిన ఎరిథ్రిటాల్, కుంకుమపువ్వు కలిపితే మా పాప కూడా అడిగి తింటుంది. కొబ్బరిపాలలో నానిన సబ్జా గింజలు వేసవికి.

ఇంకోటి, మీ ఇంట్లో కుక్కపిల్ల ఉంది కదా. జైలిటాల్ అనే ఇంకో తీపి పదార్థం ఉన్న పొడి కొనకు, అది కుక్కలకి ప్రాణాంతకం. డబ్బా మీద పేరు చదివి తీసుకో. ఏ పొడైనా రోజూ వద్దు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గడానికి స్టీవియా లాంటివాటిని నమ్ముకోవద్దని చెప్పింది. అది అప్పటికే షుగర్ ఉన్నవాళ్ళ కోసం చెప్పింది కాకపోయినా, నేను వారానికి రెండుసార్లకి మించి వాడను. నాలుక్కి తీపి అలవాటు తగ్గుతుంటే టీలో పాల తీపి కూడా తెలుస్తోంది ఇప్పుడు.

పోయిన నెల నాది 6.6 వచ్చింది. మాత్ర ఒకటి డాక్టరు గారే తగ్గించారు. నీకూ అలాగే జరగాలని కోరుకుంటున్నా.

సంక్రాంతికి ఎలాగూ వస్తావు. అరిసెకి మాత్రం మారు లేదురా, బియ్యప్పిండీ బెల్లప్పాకమూ లేకపోతే అది అరిసె కాదు. అమ్మ చేసిన దాన్లో ఒకటి తీసుకుని చెరిసగం తిందాం. తిన్న వెంటనే పుష్కరఘాట్ దాకా నడిచొద్దాం. చెల్లెమ్మనీ పిల్లల్నీ తీసుకురా, మీటర్ కూడా సంచిలో పెట్టుకో. నువ్వొచ్చిన రోజు కాలీఫ్లవర్ పులిహోర నేనే చేస్తా.

నీ
బావ