జామెట్రీ బాక్స్ అక్కకి టికెట్టంట!

ఏం రా మామా,

జవాబు లేటైందని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. అమ్మ మోకాళ్ల నొప్పి అట్లాగే ఉంది, చిన్నోడు పాసయ్యాడు, బ్రహ్మోత్సవాలకి నా సెలవు మళ్ళీ గోవిందా. అసలు సంగతి విను.

మన జామెట్రీ బాక్స్ అక్కకి కార్పొరేటర్ టికెట్ ఇస్తామని ఇంటికొచ్చి అడిగారంట! (నవ్వడం ఆపు ముందు.) మున్సిపల్ బీట్‌లో కాలువ పూడిక తీయలేదని రాసీ రాసీ అలిసిపోయిన మనిషి, ఇప్పుడు ఆ కాలువే ఆమె నెత్తిన పడబోతోంది. రాత్రి ఎడిషన్ వదిలాక లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే, "ఇన్నాళ్లూ వాళ్లని కడిగేసి ఇప్పుడు వాళ్ల పక్కనే కూర్చోవాలా?" అంది. నా నోరు ఊరుకుంటుందా, షెర్రీ రెహ్మాన్ గురించి ఎత్తుకున్నాను.

"పాకిస్తాన్ ఆమె గొడవ నాకెందుకబ్బా" అంటూనే వింది. కరాచీలో హెరాల్డ్ అనే నెలపత్రికకి దాదాపు పదేళ్లు ఎడిటర్‌గా ఉండి, 2002లో పీపుల్స్ పార్టీ నుంచి మహిళల కోటాలో నేషనల్ అసెంబ్లీకి పోయింది. 2008లో సమాచార శాఖ మంత్రి. మరుసటి మార్చిలో తీసేసిన జడ్జీలని మళ్ళీ పెట్టాలని లాయర్ల లాంగ్ మార్చ్ జరుగుతుంటే సొంత ప్రభుత్వమే జియో టీవీ అనే అక్కడి న్యూస్ ఛానెల్‌ని కేబుల్లో రాకుండా చేసింది. నొక్కేది వాళ్లు, మైకుల ముందు సమర్థించాల్సింది ఈవిడ. రాజీనామా మొహాన కొట్టింది! నేను ఊగిపోతూ చెబుతుంటే అక్క తాపీగా, "పార్టీ కూడా వదిలేసిందా?" అంది. లేదన్నాను. "ఊఁ" అంది, అంతే. ఆ ఊఁ నన్ను ఇప్పటికీ వదలడం లేదు రా. ఏ పక్కకో తేల్చుకోలేకపోతున్నా.

2010 నవంబరులో దైవదూషణ చట్టంలో ఉరిశిక్ష తీసేయాలని ఆవిడ బిల్లు పెట్టింది. అదే మాట మాట్లాడిన పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ని 2011 జనవరి 4న సొంత అంగరక్షకుడే కాల్చేశాడు. మార్చి 2న మంత్రి షహబాజ్ భట్టీని చంపేశారు. ఈవిడకీ బెదిరింపులు, అయినా దేశం వదల్లేదు, కరాచీ ఇంట్లోంచి బయటికి రాలేని పరిస్థితి. ఇది చెప్పేసరికి అక్క మాట్లాడలేదు. గ్లాసులో టీ మీగడ కట్టింది, వేలితో దాన్ని పక్కకి తోసి, "బిల్లు?" అంది. చట్టం మార్చేది లేదని ప్రభుత్వం తేల్చేసింది, బిల్లు వెనక్కి పోయిందన్నాను. ఆ ఏడాది నవంబరులోనే అమెరికాకి రాయబారి అయిందనీ, 2018లో పాకిస్తాన్ సెనేట్‌లో తొలి మహిళా ప్రతిపక్ష నేత అనీ, 2022 వరదలప్పుడు వాతావరణ మంత్రి అనీ గబగబా చెప్పా, అక్క వింటే కదా!

నాకైతే అక్క నిలబడాలనే ఉంది రా. కానీ ఆ బీట్ ఎవరికిస్తారు? మన ఉప్మా శపథం వాడికా? తలుచుకుంటేనే టెన్షన్. అక్క వాళ్ల అత్తగారేమో పాంప్లెట్ ఫోటోకి ఏ చీర కట్టుకోవాలో అప్పుడే చెప్పేస్తోందంట. అక్క ఇంకా ఔననలేదు, కాదనలేదు, ఆదివారం లోపల వాళ్లకి చెప్పాలి. నువ్వు ఫోన్ చెయ్, నీ మాటైతే కాస్త వింటుంది, కానీ నేను చెప్పమన్నానని మాత్రం

డెస్క్ నుంచి పిలుస్తున్నారు, మొదటి పేజీ మారుస్తారంట. పోతున్నా!