డుమ్మా వేరు, ఎగ్గొట్టడం వేరు

గాజువాక, విశాఖపట్నం
ఆదివారం

అమ్మలూ,

మొన్న ఫోన్లో "శనివారం సపోర్ట్ డ్యూటీ ఎగ్గొట్టేశా నాన్నా" అని నవ్వావు. నేను మాట్లాడకపోయేసరికి "డుమ్మా కొట్టానులే, ఏ మాటైతేనేం" అన్నావు. ఫోన్లో చెబితే క్లాసు పీకుతున్నానంటావని ఇలా రాస్తున్నాను.

రెండూ ఒకటి కాదమ్మా. డుమ్మా బడిపిల్లల మాట, అందులో కొంచెం అల్లరి ఉంది. నాగా అంటే ఆ రోజు రాలేదని, అంతే. మనింట్లో పనిచేసే ఆవిడ నెలకి రెండు నాగాలు పెడుతుంది, జ్వరమో చుట్టాలో. తప్పుకోవడమంటే నావల్ల కాదని ముందే చెప్పి పక్కకి జరగడం. తప్పించుకోవడం మంచికీ వాడతాం, చెడుకీ వాడతాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ముగ్గురం బాత్రూంలో నక్కి తప్పించుకున్నాం కదా. తుపాను ఎగ్గొట్టామని ఎవరైనా అంటారా? తుపానుకి మనమేమీ బాకీ లేం మరి.

ఎగ్గొట్టాలంటే బాకీ ఉండాలి. అప్పు ఎగ్గొడతారు, అద్దె ఎగ్గొడతారు, చీటీ పాడుకుని మిగతా వాయిదాలు ఎగ్గొడతారు. పేపర్లో 'పన్ను ఎగవేత' అని చొక్కా తొడిగి రాస్తారు గానీ మనిషి అదే. 'ఎగ' అంటే పైకి. ఎగువలోనూ ఎగబాకడంలోనూ ఉన్నది అదే. ఎగగొట్టు కాస్తా నోట్లో నలిగి ఎగ్గొట్టు అయింది. ఇవ్వాల్సినదాన్ని గాల్లోకి కొట్టి చేతులు దులుపుకోవడం అని నేను ఊహించుకుంటాను. క్లాసునీ డ్యూటీనీ కూడా మనవాళ్ళు తీసుకెళ్ళి అప్పు పక్కనే కూర్చోబెట్టారు, చూశావా!

నాకిది తెలిసింది ఫ్యాక్టరీలో. అప్పటికి నీకు మూడేళ్ళు. నైట్ షిఫ్ట్ ఉంటే, కడుపునొప్పని కబురు పెట్టి సెకండ్ షోకి పోయాను. మా దగ్గర రిలీవర్ రాకుండా ముందు షిఫ్ట్ మనిషి మిషను వదలకూడదు. మధ్యాహ్నం 2కి ఎక్కినవాడు రాత్రి 10కి దిగాల్సింది, నా మూలంగా పొద్దున్న 6 దాకా ఉండిపోయాడు. 16 గంటలు.

మర్నాడు రాత్రి షిఫ్ట్ మారేటప్పుడు లాగ్‌బుక్ నా చేతిలో పెట్టాడు. రెండు షిఫ్టులూ ఒకే చేతిరాత. తెల్లవారుజామున రాసిన అంకెలు వాలిపోయి గీత కిందికి జారాయి. "కడుపునొప్పి తగ్గిందా గురూ?" అన్నాడు. తలూపాను. "ఇంతకీ నాగాయా, ఎగ్గొట్టావా?" అన్నాడు. నేను నోరెత్తలేదు. క్యారేజీ తీసుకుని బస్సెక్కేశాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ రాత్రి రీడింగులు రాస్తుంటే పై పేజీలో జారిన అంకెలే కనిపించాయి.

శనివారం నీ బదులు ఎవరు కూర్చున్నారో కనుక్కున్నావా? ఫోన్ మోగినప్పుడు వాళ్ళు ఎక్కడున్నారో, ఏం పని మధ్యలో లేచారో అడుగు. నాకు చెప్పక్కర్లేదు.

ఇది రాస్తుంటే మీ అమ్మ భుజం మీంచి చదివి, "రోజూ టిఫిన్ ఎగ్గొడుతోందట, అది రాయరేం" అంటోంది. ఆ బాకీ ఎవరికో నాకు అంతుపట్టలేదు, మీరూ మీరూ తేల్చుకోండి. శుక్రవారం బస్సుకి ఆవకాయ పంపుతున్నాం, సీసా నిలబెట్టి ఉంచు.

నాన్న