పాతబస్తీ ఆడియో వాక్ తెలుగు ట్రాక్‌పై ఫిర్యాదు, రూ. 798 వాపసు గురించి

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

నమస్కారం. గత శుక్రవారం మీ యాప్‌లో హైదరాబాద్ పాతబస్తీ ఆడియో వాక్ (నడుస్తుంటే ఏ చోటికి వస్తే ఆ చోటి కథ ఫోన్‌లో వినిపించే టూర్) కొని, మా బాపు (నాన్న)తో కలిసి నడిచాను. ఒక్కో ఫోన్‌కు రూ. 399 చొప్పున రెండు ఫోన్లకు రూ. 798 కట్టాను. ఆ డబ్బు వాపసు ఇమ్మని అడగడానికే ఈ లేఖ. ఇంతకుముందు చాట్‌లో ఒకసారి, ఈమెయిల్‌లో ఒకసారి రాశాను. రెండుసార్లూ "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని ఇంగ్లిష్‌లో జవాబిచ్చి, జైపూర్ వాక్‌కు పది శాతం కూపన్ పంపారు. జైపూర్ వెళ్లే ఆలోచన మాకు లేదు. అందుకే ఈసారి జరిగిందంతా వివరంగా రాస్తున్నాను. దయచేసి మనిషి ఎవరైనా చదవండి.

బాపుకు 72 ఏళ్లు. తెలుగు పండిట్‌గా చేసి రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పి వల్ల గైడ్ వెంట గుంపుతో నడవలేరు. ఆడియో అయితే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు, కూర్చోవచ్చు, మళ్లీ వినొచ్చు అనుకున్నాను. పైగా మీ ప్రకటనలో "పూర్తిగా తెలుగులో" అని ఉంది. ఆ మాట చూసే ఆయన ఫోన్‌లో తెలుగు ట్రాక్ కొన్నాను. నా ఫోన్‌లో ఇంగ్లిష్ పెట్టుకున్నాను. ఈ తేడా వల్లే అసలు సంగతి బయటపడింది.

పది గంటలకు అఫ్జల్‌గంజ్ నుంచి మొదలుపెట్టాం. నయాపుల్ మీదికి రాగానే "మీరు నిలబడిన ఈ వంతెన 1578లో కట్టింది" అంటూ కథ మొదలైంది. యువరాజు మహమ్మద్ కులీ వరదలో మూసీ దాటి భాగమతి కోసం వెళ్లాడని, అది చూసి తండ్రి, గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కులీ కుతుబ్ షా వంతెన కట్టించాడని చెప్పారు. అయ్యా, 1578 నాటిది పురానాపుల్. అది ఎగువన, ముస్లింజంగ్ పుల్ కూడా దాటాక వస్తుంది. మేము నిలబడింది నయాపుల్ మీద. పేరులోనే ‘నయా’ (కొత్త) అని ఉంది కదా. ఇక ప్రేమకథ సంగతికి వస్తే, 1578లో మహమ్మద్ కులీకి పన్నెండు, పదమూడేళ్లు. భాగమతి అసలు ఉందా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కథను కథగా చెబితే వినడానికి మాకేం అభ్యంతరం లేదు. దాన్ని చరిత్ర అని చెప్పి, అది కూడా వేరే వంతెన మీద చెప్పారు.

అదే వంతెన మీద నిలబడితే ఉస్మానియా ఆసుపత్రి కనిపిస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అక్కడి చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు గురించి మీ ఆడియోలో ఒక్క ముక్క లేదు. బాపు చెబితే విన్నాను. డబ్బు కట్టింది మీకు, గైడ్ పని చేసింది బాపు.

తర్వాత మదీనా చౌరస్తా, పత్తర్‌గట్టి దాటి మఛ్లీ కమాన్ కిందికి వచ్చాం. అక్కడ బాపు చెవిలో ఇయర్‌ఫోన్ తీసి నా వైపు చూశారు. "బిడ్డా, నాలుగు విల్లులట. ఎవరి విల్లులు? రామునివా, అర్జునునివా?" అన్నారు. విని చూస్తే నిజమే. చార్‌కమాన్‌ను మీ తెలుగు ట్రాక్ ‘నాలుగు విల్లులు’ అంటోంది. మఛ్లీ కమాన్ ‘చేప విల్లు’ అయింది. ఉర్దూలో కమాన్ అంటే విల్లు అనే అర్థం కూడా ఉంది, కాదనను. కానీ తెలంగాణలో ఏ ఊళ్లో అడిగినా కమాన్ అంటే తోరణ ద్వారమని చెబుతారు. మా కరీంనగర్‌లో కమాన్ చౌరస్తా ఉంది. ఆటో అతన్ని ‘విల్లు చౌరస్తాకు పోనీ’ అంటే ఎక్కడికి తీసుకెళ్తాడో మీరే ఆలోచించండి.

అక్కడి నుంచి బాపు జేబులో నోట్‌బుక్ తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. పిల్లల పేపర్లు దిద్దినట్టే, ఎర్ర పెన్నుతో. చార్మినార్ దగ్గర వినిపించిన వాక్యం ఇది: "మసీదు రెండవ కథలో ఉంది." నా ఫోన్‌లో ఇంగ్లిష్ వింటే అర్థమైంది, అంతస్తు అనే అర్థంలో ఉన్న ‘స్టోరీ’ని కథ చేశారు. ‘1591’ని "ఒకటి ఐదు తొమ్మిది ఒకటి" అని ఫోన్ నంబర్ చదివినట్టు చదివారు. ఇది మనిషి అనువాదం కాదు, మనిషి గొంతు కూడా కాదు. మీ ఇంగ్లిష్ ట్రాక్‌లో మాత్రం నిజంగా బాగా చదివే మనిషి గొంతు ఉంది, వెనక బజారు చప్పుళ్లు కూడా వినిపిస్తాయి. అదే ధర కట్టిన తెలుగువాళ్లకు మిషన్ గొంతు ఎందుకు?

శుక్రవారం సంగతి ఇంకా ఉంది. యాప్‌లో తేదీ ఎంచుకున్నది మేమే, నిజమే. కానీ ఎంచుకున్నప్పుడు యాప్ ఏమీ అనలేదు. మీ నడకలో చివరి మజిలీ చౌమహల్లా ప్యాలెస్. అది శుక్రవారం మూసి ఉంటుంది. మాకు ఆ సంగతి తెలియక అక్కడిదాకా నడిచాం. మక్కా మసీదుకు మీరు మమ్మల్ని చేర్చింది సరిగ్గా మధ్యాహ్నం నమాజుకు జనం వస్తున్న వేళ. గేటు బయట ఒక పెద్దాయన, "నమాజు అయ్యాక రండమ్మా" అని మర్యాదగానే చెప్పారు. ఫోన్ మాత్రం రోడ్డు మీదే "ఇప్పుడు లోపలికి ప్రవేశించండి" అని మూడుసార్లు చెప్పింది. ఆపడానికి నొక్కితే మళ్లీ మొదటి నుంచి మొదలైంది. అంతమంది భక్తుల మధ్య నాకు ఎంత టెన్షన్ అయిందో చెప్పలేను.

రోడ్డు మీదే విన్న ఆ భాగంలో ఇంకో తప్పు. "నిజాములందరి సమాధులు ఇక్కడే ఉన్నాయి" అన్నారు. మక్కా మసీదులో ఉన్నది రెండో నిజాం నుంచి ఆరో నిజాం వరకు. మొదటి నిజాం సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ది కింగ్ కోఠిలోని జూదీ మసీదులో. ఈ తప్పు మీ ఇంగ్లిష్ ట్రాక్‌లో కూడా ఉంది, కాబట్టి దీన్ని అనువాదం మీదికి తోయలేరు.

లాడ్ బజార్‌లో జీపీఎస్ పూర్తిగా చేతులెత్తేసింది. గల్లీలో నిలబడితే చార్మినార్ కథ, చార్మినార్ వైపు నడిస్తే చౌమహల్లా కథ. ఇరుకు గల్లీల్లో సిగ్నల్ తప్పుతుందని మీకు తెలియనిది కాదు. చేత్తో నొక్కి వినే వీలు పెట్టాల్సింది. చివరికి దొరికిన ఒక్క వాక్యం, "లాడ్ బజార్ లక్ష గాజులకు ప్రసిద్ధి." గాజులన్నీ లెక్కపెట్టారేమో అనుకున్నాం. తర్వాత తెలిసింది, లక్కను లక్ష చేశారు. 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిన హైదరాబాద్ లక్క గాజులు మీ చేతిలో ఇలా అయ్యాయి. బాపు కాళ్లు నొప్పులంటే ఒక దుకాణంలో స్టూలు వేసి కూర్చోబెట్టారు. లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా తిప్పి, వేడి తగ్గకముందే ఒక్కో రాయి చేత్తో ఎలా అద్దుతారో ఆ దుకాణాయన పది నిమిషాలు చెప్పారు. ఆ రోజు మొత్తం మీద మేము తెలుగులో విన్న మంచి గైడ్ ఆయనే. గాజులు కొన్నాను, ఆ డబ్బు మిమ్మల్ని అడగడం లేదు.

బాపుకు అన్నిటికన్నా కోపం తెప్పించింది చెప్పని విషయం. ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరు మీ ఆడియోలో వంతెన కట్టించిన తండ్రిగా తప్ప ఎక్కడా రాదు. ఆయన రాజు కాకముందు ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నాడు. తెలుగు కవులను ఆదరించాడు. వాళ్లు ఆయన్ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చాడు. సంస్కృత మాటలు కలపకుండా రాసిన మొదటి అచ్చ తెలుగు కావ్యమైన ‘యయాతి చరిత్ర’ను పొన్నెగంటి తెలగన్న అంకితమిచ్చింది ఆ కాలపు పటాన్‌చెరు అధికారి అమీన్ ఖాన్‌కు. తెలుగు ట్రాక్ కొనేవాళ్లకు చెప్పాల్సింది ఇదే కదా? "తురక సర్దారుకు అచ్చ తెలుగు కావ్యం అంకితమిచ్చిన నేల బిడ్డా ఇది. ఇక్కడ మనకు చేప విల్లు చెవిలో పెట్టిన్రు" అన్నారు ఆయన. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు.

నేను అడిగేవి ఎక్కువేం లేవు. రెండు ఫోన్ల డబ్బు రూ. 798 కట్టిన ఖాతాకే తిరిగి వేయండి, కూపన్లు వద్దు. తెలుగు తెలిసినవాళ్లు దిద్ది, ఒక మనిషి చదివేదాకా ఆ "పూర్తిగా తెలుగులో" అనే మాట ప్రకటన నుంచి తీసేయండి. శుక్రవారం ఎవరైనా ఎంచుకుంటే చౌమహల్లా మూసి ఉంటుందని, మక్కా మసీదుకు నమాజు వేళ వెళ్లొద్దని ముందే చూపించండి. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, రెండు వాక్యాలు చాలు. పదిహేను రోజుల్లో సరైన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. అక్కడా తేలకపోతే, తప్పుదోవ పట్టించే ప్రకటన అని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

పేమెంట్ రసీదు, తేదీ ఎంచుకున్న స్క్రీన్‌షాట్, ఆడియోలో నేను రికార్డు చేసుకున్న ముక్కలు జతచేస్తున్నాను. వాటితో పాటు బాపు ఎర్ర పెన్నుతో రాసిన నాలుగు పేజీలు కూడా స్కాన్ చేసి పెట్టాను. మీ తెలుగు ట్రాక్ మొత్తం ఉచితంగా దిద్దిపెడతానని ఆయన అంటున్నారు. నేను వద్దంటున్నాను. మీకు కావాలంటే ఆయనకు ఇవ్వాల్సింది ఎంతో చెప్పి అడగండి.

ఇట్లు,
కరీంనగర్ నుంచి మీ కస్టమర్
(పేరు, బుకింగ్ వివరాలు జతచేసిన రసీదులో ఉన్నాయి)